పక్క మంచం రోగికి దిక్కెవరు?

1897 ఆగస్టులో బేగంపేటలోని చిన్న సైనిక ఆసుపత్రిలో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెర కింద పడుకోబెట్టి, లార్వాల నుంచి పెంచిన దోమలను అతని మీదికి వదిలాడు రొనాల్డ్ రాస్. కుట్టిన దోమకు అణా చొప్పున అతనికి ముట్టింది. ఆగస్టు 20న వాటిలో ఒక దోమ కడుపు కోసి చూస్తే మలేరియా క్రిమి జాడ దొరికింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. సికింద్రాబాద్ పేరును వైద్య చరిత్రకెక్కించిన ఆ రోగికి విషయం వివరించి, ఇష్టమో కాదో అడిగి రాసుకోవాలన్న నియమం ఆనాడు లేదు. అక్కడి నుంచి చాలా దూరమే వచ్చాం, దెబ్బలు తింటూనే వచ్చాం. 2009లో ఖమ్మం జిల్లాలో పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసిన అధ్యయనంలో, చాలా సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. గొడవ ముదిరి 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని ఘాటుగా తప్పుబట్టింది. 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఇప్పుడు ఏ ఆసుపత్రిలో కొత్త మందు ప్రయోగించాలన్నా రిజిస్టరైన ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. అందులో కనీసం ఏడుగురుండాలి. సగం మంది ఆ సంస్థకు బయటివాళ్లై ఉండాలి, అధ్యక్షస్థానంలోనూ బయటి వ్యక్తే కూర్చోవాలి. ఒక న్యాయ నిపుణుడు, ఒక మహిళ, వైద్యంతో సంబంధం లేని ఒక సామాన్యుడు తప్పనిసరి.

ఇంత కట్టుదిట్టం ప్రయోగంలో చేరిన రోగికి. అదే వార్డులో పక్క మంచం మీద, ఏ ప్రయోగమూ లేకుండా మామూలు వైద్యం కోసం వచ్చిన రోగి సంగతేమిటి? ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రి నుంచి మినిస్టర్ రోడ్డు దాకా ఉన్న ఆసుపత్రులకు సిద్దిపేట, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి రాత్రింబవళ్లు అంబులెన్సులు వస్తూనే ఉంటాయి. వాటిలో వచ్చిన డెబ్బయ్యేళ్ల మనిషికి మెదడులో రక్తనాళం చిట్లింది, వెంటిలేటర్ మీద పెట్టారు, పది రోజులైనా స్పృహ లేదు. గొంతుకు రంధ్రం చేసి గొట్టం వేయాలా, ఇక చాలనాలా? షుగరుతో పాదం కుళ్లిన ముసలమ్మ కాలు తీయొద్దంటోంది, కొడుకు తీసేయమంటున్నాడు. ఎవరి మాట చెల్లాలి? ఆరో నెలలోనే పుట్టిన పసికందును ఎంతవరకు పోరాడి నిలబెట్టాలి? ఇవన్నీ రోజూ ఎదురయ్యే ప్రశ్నలే. స్కానింగ్ రిపోర్టులో వీటికి జవాబు ఉండదు. రోగి ఏం కోరుకుంటాడు, ఏది అతనికి మేలు, ఆ మేలును నిర్ణయించే హక్కు ఎవరిది అన్నవి వైద్యశాస్త్రం ఒక్కటే తేల్చగలిగినవి కావు. అయినా వాటిని తేల్చేది పెద్ద డాక్టరుగారు రౌండ్స్‌కు వచ్చినప్పుడు దొరికే అయిదు నిమిషాల్లో, లేదా కౌన్సెలింగ్ రూములో బంధువుల ఏడుపుల మధ్య, లేదా బిల్లింగ్ కౌంటరు దగ్గర. ఆ డాక్టరుకు కేసులో వాటా ఉంది, ఆసుపత్రికి బిల్లులో వాటా ఉంది, బంధువుల్లో కొందరికి ఆస్తిలో వాటా ఉండొచ్చు. ఏ వాటా లేని మనిషి ఒక్కరైనా వచ్చి రోగి పక్కన కూర్చుని ఆలోచించే ఏర్పాటు చాలా ఆసుపత్రుల్లో లేదు. మందు ప్రయోగానికి ఇచ్చిన రక్షణలో కనీసం ఆ ఒక్క ముక్క మామూలు వైద్యానికీ ఇవ్వాలన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది.

ఆ ఏర్పాటు లేకపోవడం వల్ల ఏం జరుగుతోందో చూడాలంటే 'లామా' కాగితాన్ని చూడాలి. ఐసీయూ బయట నాలుగు రోజులు కూర్చున్నవాళ్లందరికీ ఈ మాట తెలుసు. డాక్టర్లు వద్దంటున్నా మా ఇష్టప్రకారమే రోగిని తీసుకెళ్తున్నాం, ఏం జరిగినా మాదే బాధ్యత అని బంధువులు రాసిచ్చే పత్రం అది. కాగితం ఒకటే గానీ దాని వెనక కనీసం మూడు వేర్వేరు కథలుంటాయి. మొదటిది డబ్బు కథ. ఇంకో వారం వైద్యం చేస్తే మనిషి లేచి కూర్చునే అవకాశముంది, కానీ ఉన్న రెండెకరాలూ అమ్మకానికి పెట్టడమైపోయింది, అప్పు పుట్టడం లేదు. రెండోది ఆశ లేని కథ. ఇక చేసేదేమీ లేదని డాక్టరుకు తెలుసు, మెల్లగా "ఇంటికి తీసుకెళ్లండి" అని నోటిమాటగా చెబుతాడు. కేసు షీట్లో మాత్రం ఆ ముక్క రాయడు, రాస్తే రేపు తన మీదికి వస్తుందని భయం. అందుకే తానే ఇచ్చిన సలహాను తన సలహాకు వ్యతిరేకంగా బంధువులు చేసిన పనిగా కాగితం మీద పెట్టిస్తాడు. మూడోది రోగి సొంత కథ. ఈ సూదులూ గొట్టాలూ ఇక వద్దు, నా ఇంట్లో నా మంచం మీద పోతాను అని అతనే అంటున్నాడు. మూడింటికీ ముగింపు ఒక్కటే. నోట్లో గొట్టంతో, చేత్తో నొక్కే గాలి సంచితో అంబులెన్సు, చాలాసార్లు ఊరు చేరకముందే దారిలోనే చావు. నొప్పి తెలియకుండా చేసే మందు చీటీ ఉండదు, ఆయాసం వస్తే ఏం చేయాలో చెప్పేవాళ్లుండరు. ఇంటికెళ్లాక చెల్లెలు అన్నను నిలదీస్తుంది, నువ్వే సంతకం పెట్టి చంపావని. ఆ సంతకం బరువు ఇరవయ్యేళ్లు మోసే కొడుకులున్నారు.

ఈ మూడు కథలనూ విడదీయగలిగితే మూడింటికీ దారులున్నాయి. డబ్బు కథ అయితే ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం పది లక్షల రూపాయలకు పెంచింది. జబ్బు ఆ జాబితాలో ఉందేమో చూడొచ్చు, లేదంటే ప్రభుత్వాసుపత్రిలో బెడ్ మాట్లాడి పంపొచ్చు. ఆశ లేని కథ అయితే బాధ తగ్గించే వైద్యం, అంటే పాలియేటివ్ కేర్, మన దగ్గరే ఉంది. రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం చాలా ఏళ్లుగా నడుస్తోంది, చివరి దశ రోగుల కోసం నగరంలో స్పర్శ్ హాస్పిస్ ఉంది. మార్ఫిన్ దొరకడానికి అడ్డుగా ఉన్న నిబంధనలను సడలించడానికే 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని పార్లమెంటు సవరించింది. రోగి తానే వద్దన్న కథ అయితే, స్పృహలో ఉన్న వయోజనుడికి వైద్యం వద్దనే హక్కు ఉందని చట్టమే ఒప్పుకుంటుంది. దారులు లేక కాదు, ఏ దారో చూపే మనిషి లేకనే ముగ్గురూ ఒకే అంబులెన్సు ఎక్కుతున్నారు. లామా కాగితం ఆసుపత్రికి ధైర్యం ఇస్తుందేమో గానీ, దానికి మించి అది చేసే మేలేమీ నాకు కనిపించదు.

ఆసుపత్రిలో అడిగే చోటు లేనప్పుడు ఆ ప్రశ్న ఎక్కడిదాకా పోతుందో మన రాష్ట్రమే ఒకసారి చూసింది. హైదరాబాద్‌కు చెందిన చెస్ ఆటగాడు వెంకటేశ్ కండరాలను క్షీణింపజేసే డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీతో 2004 నాటికి వెంటిలేటర్ మీదికి వచ్చాడు. వయసు పాతికేళ్లు. ఎలాగూ పోతున్నాను, ఇన్ఫెక్షన్ పాకి అవయవాలు పాడవకముందే దానం చేయనివ్వండి అన్నది అతని కోరిక. తల్లి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తలుపు తట్టింది. మెదడు మరణం నిర్ధారణ కాకుండా అవయవాలు తీయడానికి చట్టం ఒప్పుకోదు గనక కోర్టు కాదంది. 2004 డిసెంబరు 17న వెంకటేశ్ చనిపోయాడు, కళ్లు మాత్రం దానం చేయగలిగారు. కాజోల్ తల్లి పాత్ర వేసిన 2022 నాటి హిందీ చిత్రం 'సలామ్ వెంకీ' ఈ ఉదంతం ఆధారంగా వచ్చిందే. చట్టప్రకారం కోర్టు తీర్పు సరైనదే, బతికున్న మనిషి గుండెను తీయమని ఏ న్యాయమూర్తీ చెప్పలేడు. కానీ ఆ కోరికలో ఒక ప్రశ్న కాదు, నాలుగున్నాయి. యంత్రం వద్దనే హక్కు అతనికి ఉందా? అతని బాధను తగ్గించడానికి చేయగలిగినదంతా చేశారా? దానం చేయాలన్న కోరికలో చట్టం ఒప్పుకునేది ఎంత, ఒప్పుకోనిది ఎంత? ఇది అతని నిలకడైన నిర్ణయమేనా, ఆ క్షణపు నిస్పృహా? కోర్టు ముందు పెట్టేసరికి నాలుగూ కలిసి ఒకే అర్జీ అయ్యాయి, దానికి అవునూ కాదూ తప్ప మరో జవాబుకు చోటులేదు. వాటిని విప్పి, ఏది సాధ్యమో ఏది కాదో తల్లీకొడుకులకు వారాల ముందే నెమ్మదిగా చెప్పగలిగిన బృందం మంచం పక్కనే ఉంటే తీర్పు మారేది కాదు, కానీ ఆ చివరి రోజులు కోర్టు వార్తలతో నిండిపోయేవి కావు.

తర్వాతి ఇరవయ్యేళ్లలో చట్టం కదిలింది. 1973 నుంచి ముంబై కేఈఎం ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడివున్న నర్సు అరుణా శాన్‌బాగ్ కేసులో 2011 మార్చి 7న సుప్రీంకోర్టు, ఆమె విషయంలో అనుమతి ఇవ్వకుండానే, ప్రాణాధార వైద్యాన్ని ఉపసంహరించడానికి ఒక దారి చూపింది. ఆమె 2015లో న్యుమోనియాతో చనిపోయింది. 2018 మార్చి 9న 'కామన్ కాజ్' కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమేనని చెప్పి, ముందుగా రాసిపెట్టుకునే వైద్య వీలునామాను గుర్తించింది. ఆ పద్ధతి మరీ చిక్కుగా ఉందని డాక్టర్లు మొత్తుకుంటే 2023 జనవరి 24న దాన్ని సులువు చేసింది. ఇప్పుడు ఆసుపత్రిలో చికిత్స చేస్తున్న డాక్టరూ మరో ఇద్దరు నిపుణులూ కలిసి ప్రాథమిక బోర్డు. జిల్లా వైద్యాధికారి నామినేట్ చేసిన డాక్టరుతో మరో ముగ్గురి బోర్డు దాన్ని సరిచూస్తుంది. ఒక్కో బోర్డు వీలైతే 48 గంటల్లో చెప్పాలి. అమలు చేసే ముందు మేజిస్ట్రేట్‌కు తెలియజేయాలి. 2025 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం దీన్ని అమలుపరచమని ఉత్తర్వు ఇచ్చింది. ఇదంతా మంచిదే. కానీ ఆ బోర్డుల పని ఒక్కటే, ఈ రోగం నయం కానిదా కాదా అని వైద్యపరంగా తేల్చడం. ముసలమ్మ కాలు సంగతి అక్కడికి రాదు. అన్నదమ్ములకు పడకపోవడం అక్కడికి రాదు. క్యాన్సర్ అని నాన్నకు చెప్పాలా వద్దా అన్నది రాదు. చిత్రమేమిటంటే, మెదడు మరణం విషయంలో కూడా స్పష్టత సగమే. జీవన్‌దాన్ పథకం కింద అవయవదానం చేస్తామంటే నలుగురు డాక్టర్లు ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి మనిషి పోయాడని ధ్రువీకరిస్తారు. దానం చేయబోమని బంధువులు చెబితే, అదే స్థితిలో ఉన్న మనిషి యంత్రం మీద 'రోగి'గానే ఉండిపోతాడు, బిల్లు నడుస్తూనే ఉంటుంది. అప్పుడు ఏం చేయాలో ఆ కుటుంబానికి ఎవరు చెప్పాలి?

ఇలాంటి సహాయం ఎలా ఉండాలన్నది లోకం తప్పులు చేసి నేర్చుకున్న పాఠం. 1962లో అమెరికాలోని సియాటిల్‌లో డయాలసిస్ యంత్రాలు కొన్నే ఉన్నప్పుడు, ఎవరికివ్వాలో తేల్చడానికి ఏడుగురితో ఒక కమిటీ వేశారు. ఎక్కువమంది డాక్టర్లు కానివాళ్లే, పేర్లు రహస్యం. వాళ్లు ఉద్యోగం ఉందా, పెళ్లయిందా, చర్చికి వెళ్తాడా అని చూసి మనుషుల ప్రాణాలకు విలువ కట్టారు. అది పత్రికలకెక్కి దేశమంతా ముక్కున వేలేసుకుంది. కమిటీ చేతికి అధికారమూ రహస్యమూ కలిసి వస్తే అసలు కమిటీ లేకపోవడమే నయమని తేలింది. 1976లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు, స్పృహ కోల్పోయిన కేరెన్ ఆన్ క్విన్లన్ అనే యువతికి వెంటిలేటర్ తీయించుకునే హక్కు తండ్రి ద్వారా ఉందని చెబుతూ, ఇలాంటివి ఆసుపత్రి ఎథిక్స్ కమిటీతో మాట్లాడుకుని తేల్చుకోవాలంది. అక్కడి నుంచే అవి ఊపందుకున్నాయి. ఆ కేసులో ఇంకో పాఠమూ ఉంది. యంత్రం తీసేసిన తర్వాత ఆ అమ్మాయి సొంతంగా ఊపిరి తీసుకుంటూ 1985 దాకా బతికింది. డాక్టర్ల జోస్యం మీద మరీ ధీమా పనికిరాదన్నమాట.

మరి మన దగ్గర ఇలాంటి కమిటీ ఎలా పనిచేయాలి? వార్డు గోడ మీద ఒక ఫోన్ నంబరు ఉండాలి. డాక్టరైనా, రాత్రి డ్యూటీ నర్సైనా, రోగి అయినా, రోగి చెల్లెలైనా దానికి చేయగలగాలి. ఆ కేసుతో సంబంధం లేని ఒక డాక్టరూ, ఒక నర్సో సామాజిక కార్యకర్తో అదే రోజు రావాలి. ముందు వైద్య విషయం ఏమిటో అందరికీ అర్థమయ్యే తెలుగులో, ఉర్దూ మాట్లాడే ఇల్లయితే ఉర్దూలో, ఒకే మాటగా చెప్పించాలి. బంధువుల్లో సగం తగవులు ఒక్కో డాక్టరు ఒక్కోలా చెప్పడం వల్ల పుట్టేవే. తర్వాత రోగిని అడగాలి, అడిగే స్థితి లేకపోతే అతను మామూలు రోజుల్లో ఏమనేవాడో అడగాలి. మీరేం చేయమంటారు అని కొడుకును అడగడానికీ, మీ నాన్న ఇక్కడ కూర్చుని ఉంటే ఏమనేవారు అని అడగడానికీ చాలా తేడా ఉంది. రెండో ప్రశ్న కొడుకు భుజాల మీది బరువు దించుతుంది. అప్పుడే తేల్చలేకపోతే గడువు పెట్టుకోవచ్చు. అయిదు రోజులు వెంటిలేటర్ మీద చూద్దాం, ఫలానా గుర్తులు మెరుగుపడితే కొనసాగిద్దాం, లేకపోతే మళ్లీ కూర్చుందాం అని ముందే అనుకుంటే చివర్లో ఎవరూ ఎవరినీ ద్రోహి అనరు. చివరికి ఏమనుకున్నారో, ఎందుకనుకున్నారో కేసు షీట్లో రాసి బంధువులకు కాపీ ఇవ్వాలి. కమిటీ ఇచ్చేది సలహా మాత్రమే. ఊళ్లో పెద్దమనుషుల పంచాయితీ తీర్పు చెప్పి జరిమానా వేస్తుంది. ఇది పెద్దమనుషులు చాప మీద కూర్చోవడం వరకే ఉండాలి, జరిమానా ఉండకూడదు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో తేలికైనది, కమిటీల వల్ల ఆలస్యమవుతుందన్నది. గుండె ఆగినవాడికి కమిటీ వేయమని ఎవరూ అనరు, ప్రమాదంలో ఉన్న మనిషికి ముందు వైద్యం చేసి తీరాలని 1989లోనే పర్మానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నలిగే కేసులన్నీ వారాల తరబడి నడిచేవే, వాటిలో ఒక గంట కూర్చోవడం ఆలస్యమనిపించుకోదు. ఇంతకన్నా బలమైనది, మన ఇళ్లలో నిర్ణయం కుటుంబానిది, రోగి ఒక్కడి ఇష్టం అనేది మనది కాని పద్ధతి అన్న మాట. ఇందులో నిజముంది. "నాన్నకు చెప్పొద్దు డాక్టర్‌గారూ, తట్టుకోలేడు" అని కొడుకు ప్రేమతోనే అంటాడు. కానీ చట్టం ఎక్కడ నిలబడిందో కూడా చూడాలి. సమీరా కోహ్లీ కేసులో, పరీక్ష కోసం మత్తు ఇచ్చిన 44 ఏళ్ల మహిళకు గర్భాశయం, అండాశయాలు తీసేశారు, బయట కూర్చున్న తల్లి ఒప్పుకుందని. 2008 జనవరిలో సుప్రీంకోర్టు అది చెల్లదంది. వయోజనురాలు తెలివిలోకి వచ్చాక ఆమెనే అడగాలి, ప్రాణాపాయం లేనప్పుడు తల్లి సంతకం సరిపోదు. అలాగని అందరి ముఖాన రిపోర్టు చదివి వినిపించమనీ కాదు. మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది, మీ తరఫున ఎవరు మాట్లాడాలి అని రోగిని అడగొచ్చు. "అంతా మా పెద్దోడు చూసుకుంటడు సార్" అని ఆయన అంటే అది కూడా ఆయన నిర్ణయమే, కుటుంబానికి ఆయన స్వయంగా ఇచ్చిన హక్కు. అడక్కుండా లాక్కోవడమే తప్పు. పైగా కుటుంబం అంటే ఒకటే గొంతు అనుకోవడం కూడా భ్రమే. పదేళ్లుగా సేవ చేసిన కోడలికి మాట ఉండదు, డాలస్ నుంచి వీడియో కాల్‌లో వచ్చిన పెద్ద కొడుకు మాటే చెల్లుతుంది. ఆ కోడలికి తెలిసినంత ఆయన గురించి ఎవరికీ తెలియదు, అడిగేవాళ్లుంటే చెబుతుంది.

అసలు గట్టి అభ్యంతరం వేరే ఉంది. కార్పొరేట్ ఆసుపత్రి వేసిన కమిటీ కార్పొరేట్ ఆసుపత్రి మాటే చెబుతుంది, జీతం ఇచ్చే యాజమాన్యం బిల్లు పెంచమంటే సాగదీయమంటుంది, బెడ్ ఖాళీ కావాలంటే ఇక చాలంటుంది అని. దీన్ని తోసిపుచ్చలేం. చికిత్స చేసే డాక్టరు ఒక్కడే నిర్ణయించకూడదన్న ఆలోచన పాతదే. 2002 నాటి వైద్య మండలి నియమావళి కూడా మెదడు మరణం తర్వాత యంత్రాలు తీసే విషయాన్ని డాక్టర్ల బృందమే తేల్చాలంది. కానీ ఆ బృందంలో ఉన్నది ఆ డాక్టరూ, ఆసుపత్రి వైద్యాధికారీ, ఆసుపత్రి నామినేట్ చేసిన ఇంకో డాక్టరూ. ముగ్గురూ ఒకే కప్పు కిందివాళ్లు. అందుకే మందు ప్రయోగాల నిబంధనలోని ఆ సగం మంది బయటివాళ్ల షరతే ఇక్కడ ప్రాణం. బిల్లింగ్ విభాగం నుంచి ఒక్కరూ ఉండకూడదు. పాతిక పడకల నర్సింగ్ హోములు సొంత కమిటీలు వేయలేవు గనక నాలుగైదింటికి కలిపి, లేదా జిల్లా స్థాయిలో ఒకటి ఉండాలి. ఒక్క వ్యవస్థ ఎన్నో ఆసుపత్రులకు పనిచేయగలదని నిమ్స్ నుంచి నడిచే జీవన్‌దాన్ చూపించింది. ఇన్ని చేసినా కొన్ని కమిటీలు కీలుబొమ్మలవుతాయి. అయినా రాసి ఇచ్చిన కారణాలు చేతిలో ఉన్న బంధువు, ఏ కారణమూ లేని లామా కాగితం చేతిలో ఉన్న బంధువు కన్నా మెరుగైన స్థితిలో ఉంటాడు. డబ్బు లేనివాడికి కమిటీ డబ్బు ఇవ్వలేదన్న మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. డబ్బు లేక ఆపిన వైద్యాన్ని ఆశ లేక ఆపినట్టు రాయకుండా అది అడ్డుపడగలదు, అంతే. అలా నిజం రికార్డులోకి ఎక్కితే ఎంతమంది ఏ కారణంతో వెనుదిరుగుతున్నారో ప్రభుత్వానికైనా తెలుస్తుంది.

డాక్టర్ల వైపు నుంచీ ఒక మాట. 2020లో గాంధీ ఆసుపత్రిని పూర్తిగా కొవిడ్‌కు కేటాయించినప్పుడు, జూన్‌లో ఒక రోగి చనిపోయాక బంధువులు జూనియర్ డాక్టరు మీద దాడి చేశారు, జూనియర్లు విధులు ఆపి ధర్నాకు దిగారు. అలాంటి రోజుల్లో ఎవరిని ముందు చూడాలి, ఏ ఇంటివాళ్లకు ఏం చెప్పాలి అన్న భారం ముందుగా పడేది వార్డులో ఉన్న పాతికేళ్ల పీజీ మీద. తప్పు ఎవరిదైనా దెబ్బ తినేది అందుబాటులో ఉన్నవాడు. ఇద్దరు సీనియర్లు, ఒక బయటి వ్యక్తి కలిసి ఆలోచించి రాసిన నిర్ణయం వెనక నిలబడితే ఆ కుర్రవాడు ఒంటరి కాడు. ఈ కమిటీ రోగుల కోసమే అనుకుని యాజమాన్యాలు భయపడుతున్నాయేమో గానీ, దాని అవసరం డాక్టర్లకూ తక్కువేమీ కాదు.

అందుకే మొదలుపెట్టదలిస్తే గాంధీ ఆసుపత్రే తగిన చోటు. 1954లో పుట్టిన వైద్య కళాశాల దానికి అనుబంధంగా ఉంది. ఐసీయూ నిపుణులు, మానసిక వైద్యులు, ఫోరెన్సిక్ ఆచార్యులు, నర్సులు ఒకే ఆవరణలో ఉన్నారు. బిల్లు కౌంటరు నీడ పడని కమిటీ అక్కడ సాధ్యం. సికింద్రాబాద్‌లోని చిన్న ప్రైవేటు ఆసుపత్రులు కూడా దాని సలహా తీసుకునేలా చేయొచ్చు. ఇలాంటి కమిటీల అవసరాన్ని 2024లో కేంద్ర ఆరోగ్య శాఖ విడుదల చేసిన ముసాయిదా మార్గదర్శకాలు కూడా ప్రస్తావించాయి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఆరోగ్య శాఖ ఉత్తర్వు ఒకటి చాలు. అది వచ్చేలోపు మీరు చేయగలిగినవి రెండున్నాయి. పద్దెనిమిదేళ్లు నిండి ఆరోగ్యంగా ఉన్నప్పుడే వైద్య వీలునామా రాయండి. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం ఉంటే సరిపోతుంది. మీ తరఫున మాట్లాడే మనిషి పేరు అందులో రాసి, ఒక ప్రతి మీ డాక్టరుకు, ఒకటి స్థానిక సంస్థలో బాధ్యుడైన అధికారికి ఇవ్వాలి. కంటోన్మెంట్‌లో ఉండేవాళ్లు ఆ అధికారి ఎవరో బోర్డు ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి, అడిగితేగానీ ఇలాంటివి కదలవు. ఇక ఐసీయూ బయట ఉన్నప్పుడు ఎవరైనా లామా కాగితం చేతికిస్తే, సంతకానికి ముందు మూడు విషయాలు రాసిమ్మని అడగండి: ఇంకా వైద్యం వల్ల ప్రయోజనం ఉందా లేదా, ఇంటికెళ్తే నొప్పికీ ఆయాసానికీ ఏ మందు వాడాలి, రెండో అభిప్రాయం ఎవరి దగ్గర తీసుకోవచ్చు. రెండో అభిప్రాయం రోగి హక్కని జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలోనే ఉంది.